పెద్దమ్మ కడిగిన కంచె

అశోక్‌నగర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మండలాఫీసులో పింఛను దరఖాస్తులు సరిచూస్తున్నాను. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయింది" అన్నాడు పెద్దమ్మ తమ్ముడు. బస్సెక్కి అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. చివరిచూపు దక్కలేదు. ఆ వెలితి తీరకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. 2010లో గ్రూప్స్ చదవడానికి ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో చేరాను. పక్కిల్లే ఆమెది. నారాయణగూడలో ఒక బడి సైన్సు ల్యాబులో అటెండరుగా ముప్ఫై ఏళ్లు గాజు సీసాలు కడిగి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. తల్లితో, తమ్ముడితో ఉండేది. హాస్టల్ పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే.

ఆ ఇంటి ముందు నడుమెత్తు తెల్ల కంచె ఉండేది. దూరం నుంచి చూస్తే రంగేసిన కొయ్యలా ఉంటుంది కానీ మొత్తం ప్లాస్టిక్ పట్టీలు. గల్లీ వెడల్పు చేసినప్పుడు ప్రహరీ గోడ పోయిందట. అదే సమయంలో బడిలో చిన్నపిల్లల ఆటస్థలం చుట్టూ ఉన్న పాత కంచె తీసేస్తుంటే అడిగి తెచ్చుకుంది.

మా పరిచయం ఆ కంచె దగ్గరే, అదీ తగాదాతో మొదలైంది. పాత పుస్తకాలు కావాలని ఒక కాగితం రాసి, మైదా జిగురుతో ఆ కంచె మీద అతికించాను. సాయంత్రం హాస్టల్ మెట్ల కింద నిలబడి పిలిచింది.

"గా కాగితం ఎవరిది?"

"నాదే పెద్దమ్మా."

"అతికిచ్చినోళ్లే తియ్యాలె. రా, నీళ్లు నేనిస్త."

నేను బ్లేడు తెచ్చి గీకబోతే చెయ్యి పట్టుకుంది. "గీకకు. ఒక్క గీత పడ్డదంటే మురికికి ఇల్లు కట్టిచ్చినట్టే. తడిబట్ట కప్పు, జరసేపు ఆగు. దానంతటదే ఊడొస్తది." నిజంగానే ఊడొచ్చింది.

ప్రతి ఆదివారం కంచె కడిగేది. గిన్నెల సబ్బు కలిపిన బకెట్, మెత్తటి గుడ్డ, పాత పళ్ల బ్రష్. వానాకాలం అడుగున పాచి పడితే నీళ్లలో వెనిగర్ కలిపేది. చెప్పు రాసుకున్న నల్లటి మరకకు వంటసోడా ముద్ద. ఏది వాడినా ముందు ఎవరికీ కనబడని మూల మీద పెట్టి చూసేది. "ల్యాబుల నేర్చిన బుద్ధి" అని నవ్వేది. స్టీలు పీచును దగ్గరికే రానిచ్చేది కాదు. సబ్బు కింది నుంచి పైకి రాయాలి, నీళ్లు పైనుంచి కిందికి పొయ్యాలి. లేకపోతే చారలు మిగులుతాయి.

ఒక ప్లాస్టిక్ కంచెకు ఇంత సేవ ఎందుకని మేం మాలో మేం నవ్వుకునేవాళ్లం. ఒకరోజు నేను అడిగేశాను. ఆమె వెనక్కి తిరిగి, లోపల కుర్చీలో కూర్చున్న తల్లిని చూపించింది. ఎనభై దాటిన మనిషి. చూపు బాగా మందగించింది, జ్ఞాపకం కూడా చెదిరింది.

"అమ్మకు ఇప్పుడు తెలుపొక్కటే జర కనబడుతది. కంచె తెల్లగ ఉంటే ఆడిదాకే నడిచి వాపసొస్తది. మాసిపోతే రోడ్డేదో వాకిలేదో తెలుస్తలేదు బిడ్డా. మొన్న వానల్ల రెండు వారాలు కడగకపోతే పోయి గుద్దుకున్నది."

ఆ తర్వాత నేను నవ్వలేదు. కానీ ఆ కంచెకు నేను చేసిన చెడు ఇంకెవరూ చేయలేదు.

ఉద్యమం రోజులవి. బందులు, వాయిదాలు, రాని నోటిఫికేషన్లు. చివరికి రాసిన పరీక్షలో రెండోసారి తప్పాను. తెల్లారి నా నోట్సులన్నీ సంచిలో వేసుకుని కిందికొచ్చి, రెండిళ్ల మధ్య మూలలో కుప్పపోసి అంటించాను. గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోలేదు. మంట కంచెకు తగిలింది. ప్లాస్టిక్ భగ్గుమనలేదు. మైనంలా మెత్తబడి, మూడు పట్టీలు వంకర్లు తిరిగి కిందికి జారాయి.

పెద్దమ్మ బకెట్‌తో పరుగెత్తుకొచ్చి నీళ్లు కుమ్మరించింది. పొగలో దగ్గుతూ అడిగింది.

"ఏం కాలవెట్టినవ్?"

"నా నోట్సు పెద్దమ్మా. ఫెయిలైన."

"పరీక్ష నిన్ను ఫెయిల్ చేస్తే నా కంచె ఏం చేసిందే నీకు?"

పాత చీర ఒకటి తెచ్చి ఆ సందుకు అడ్డంగా కట్టింది. అది నీలిరంగు చీర. మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా ముసలమ్మ ఆ చీర కిందుగా వంగి రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

అందరం పరుగెత్తాం. తమ్ముడు స్కూటర్ మీద దోమలగూడ వైపు, పెద్దమ్మ నారాయణగూడ వైపు, నేను చిక్కడపల్లి మార్కెట్ వైపు. బస్సు హారన్ వినబడినప్పుడల్లా అటు పరుగెత్తాను. చివరికి పూలమ్మే ఆమె గంప పక్కన ముసలమ్మ కూర్చుని కనిపించింది. ఎర్రటి ఎండలో నడిచొచ్చి, బంతిపూలను ఒక్కొక్కటీ తడుముతోంది. "మనింటికి పోదామా అమ్మమ్మా?" అంటే బుద్ధిగా చెయ్యి ఇచ్చింది.

పెద్దమ్మ తల్లిని మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగింది. అరికాళ్లలో బొబ్బలు లేచాయి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. నేను సంచి సర్దుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే కింది నుంచి పిలుపు. "కిందికి రా. బకెట్ తెచ్చుకో."

అలాంటి పట్టీలు బజార్లో దొరకలేదు. తమ్ముడు రాంనగర్ దాకా తిరిగొచ్చి, "అక్కా, మొత్తం పీకేసి ఇటుక గోడ కడదాం" అన్నాడు. "గోడ కడితే అమ్మకు గాలెట్ల? మనుషులెట్ల కనబడుతరు? ఉన్నదే బాగు చేస్కుందం" అంది. బాత్రూం పక్కకు తిరిగిన కంచెలో, ఎవరూ చూడని వైపు నుంచి మూడు మంచి పట్టీలు ఊడదీయించి ముందుకు తెచ్చింది. వెనక సందును చెక్కతో మూసింది. వాటిని బిగించడం తమ్ముడి పని, పక్క పట్టీలకు పట్టిన మసి కడగడం నా పని. మసి రెండు రోజులు పట్టింది. సబ్బుతో పోనిది సోడాతో, సోడాతో పోనిది మళ్లీ సబ్బుతో. "పోతలేదు పెద్దమ్మా" అంటే "పోతది. నువ్వు పోకుంటే అది పోతది" అంది.

ఆ మాట మసికే చెప్పిందనుకున్నాను. చేతులు తుడుచుకుంటుంటే అడిగింది.

"సంచి సదురుకున్నవంట?"

"ఊరికి పోత పెద్దమ్మా. నాతోని కాదు."

"పో. ఎవలద్దన్నరు? కానీ కాలవెట్టినయన్నీ మళ్ల రాసి పో. కంచె నిలబెట్టిచ్చినవ్ కద, నోట్సు కూడ నిలబెట్టు."

ఆ వాకిట్లోనే చాప వేసి కూర్చోబెట్టింది. రోజూ మధ్యాహ్నం నేను రాయడం, ముసలమ్మ నా పక్కన కుర్చీలో కునకడం. గుర్తొచ్చింది రాశాను, గుర్తు రానిది హాస్టల్ పిల్లల దగ్గర చూసి రాశాను. మొదటిసారి చదివినప్పుడు బుర్రకెక్కనిది రెండోసారి రాస్తుంటే ఎక్కింది. పూర్తయ్యేసరికి ఊరికి వెళ్లే మాట నేనే మరిచిపోయాను. ఆ మరుసటి ఏడాది నాకు జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా తీసుకెళ్తే, "ముందు అమ్మకు పెట్టు. ఆమె పక్కన కూసునే కద చదివినవ్" అంది.

ముసలమ్మ పోయాక, స్కూటర్ లోపల పెట్టుకోవచ్చు, ఇక కంచె తీసేద్దామన్నాడు తమ్ముడు. ఆమె ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లు కడిగిన చెయ్యి. ఊకె కూసోమంటే వింటదా?" అందట. ఆదివారాలు ఆగలేదు.

ఆమెను నేను చివరిసారి చూసింది మొన్న ఎండాకాలంలో. అప్పటికి ఆమె కళ్లలోనూ పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమంటే "చేయించుకుంట, తొందరేముంది" అని దాటేసింది. చాయ్ తాగి, వెళ్లొస్తానని చెప్పి గల్లీ మలుపు దగ్గర వెనక్కి చూశాను. కంచె కడగడం అయిపోయింది. చూపుతో తేల్చుకోలేక కాబోలు, వంగి, తడి వేళ్లతో ఒక్కో పట్టీని పైనుంచి కిందికి తడుముతోంది. ఒకచోట వేలు ఆగింది. కొంగు చివర నీళ్లలో ముంచి, అక్కడ రెండుసార్లు రుద్ది, మళ్లీ తడిమి చూసి, పక్క పట్టీ దగ్గరికి జరిగింది.