ఓడలో మొదటి బంతి

ముప్పై రెండేళ్లు కరీంనగర్ బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు ఎన్నింటికి రావాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది చూడటమే నా కొలువు. మంథని బస్సు ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే మైకులోనే డ్రైవర్‌ని కడిగేసేవాణ్ని. "గీ సారు చేతికి గడియారం గాదు, కొరడా ఉన్నది" అని వాళ్లు నా వెనక అనుకునేవారట. అనుకోనీ. ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఇంట్లోనూ అంతే. ఒంటిగంటకు అన్నం అంటే ఒంటిగంటకు కంచం నా ముందు ఉండాలి. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి. ఒకప్పుడు గొప్పగానే చెప్పుకునేవాణ్ని, అది వేరే సంగతి.

రిటైరైన మరుసటి ఏడాది, ముంబైలో ఉద్యోగం చేసే మా అమ్మాయి నన్నూ వాళ్లమ్మనూ ఓడ ఎక్కించాలని ముచ్చటపడింది. ముంబైలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రంలో తిరిగి, మళ్లీ ముంబైలోనే దిగడం. మా ఇంటామె మాత్రం "నేల మీదనే నాకు తల తిరుగుతది, నీళ్ల మీద నాతోని గాదు" అని ఖరాఖండిగా చెప్పేసింది. అప్పుడు అక్కను తీసుకుపోదామనిపించింది. అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. ఆదిలాబాద్ దగ్గర ఇచ్చోడలో ఉంటుంది. బావ పోయి పదేళ్లయింది. షుగర్ ఉంది, పూట పూటకూ గోలీ మింగాలి. సముద్రం సంగతి వినడమే తప్ప ఏనాడూ చూడలేదు. ఫోన్ చేసి అడిగితే "నేనేంది, ఓడేందిరా తమ్మీ!" అని పకపకా నవ్వింది. తెల్లారి తనే ఫోన్ చేసి, "ఎన్ని చీరలు పెట్టుకోవాలె?" అని అడిగింది.

ఓడ ఎక్కిన మధ్యాహ్నం మా గదిలో ఒక కార్డు పెట్టి ఉంది. రాత్రి భోజనం రెండు విడతలు. ఒకటి ఆరింటికి, ఇంకొకటి ఎనిమిదింటికి. మాది ఆరు. బల్ల నంబరు పద్నాలుగు. మూడు రాత్రులూ అదే బల్ల, అవే కుర్చీలు, అదే వెయిటర్, చుట్టూ అవే మొహాలు. పది నిమిషాల ముందే తలుపు దగ్గర ఉండాలి. పావుగంట దాటితే తలుపు మూస్తారు. నిక్కర్లు, హవాయి చెప్పులు కూడదు. భోజనం మధ్యలో ఫోన్ మాట్లాడకూడదు. చదువుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ లోకంలో నాలాంటి వాడు ఇంకొకడు ఉన్నాడు, వాడే ఈ కార్డు రాశాడు అనుకున్నాను.

అక్కకు అర్థమయ్యేలా చెప్పాను. "మన దావత్‌ల లెక్కనే అక్కా. ఆరింటికి మొదటి బంతి, ఎనిమిదింటికి రెండో బంతి. మనకు మొదటి బంతిలనే జాగ దొరికింది. జర టైముకు పోవాలె."

"మంచిగున్నది" అంది అక్క. ఐదున్నరకు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని బయలుదేరుతుంటే తను కిటికీ దగ్గర కూర్చుని నీళ్లు చూస్తోంది. "నువ్వు పో తమ్మీ, నేనొస్త" అంది. చీర మార్చుకుంటుంది కాబోలు అనుకుని నా దారిన నేను పోయాను. తలుపు దగ్గర మొదటివాణ్ని నేనే.

మా బల్ల ఆరుగురిది. నాగపూర్ నుంచి వచ్చిన వయసు మళ్లిన దంపతులు ఒకవైపు, సూరత్ నుంచి వచ్చిన ఇంకో జంట మరోవైపు. నేను, నా పక్కన అక్క కుర్చీ. ఆరైంది. ఆరూ పదైంది. నాగపూర్ ఆమె ఖాళీ కుర్చీ వైపు చూసి, ఎవరు రావాలని హిందీలో అడిగింది. మా అక్క అన్నాను. లోపల మాత్రం ఉడికిపోతున్నాను. పావుగంట దాటింది, తలుపు మూశారు. మా వెయిటర్ నడివయసు మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. వంగి మెల్లగా అడిగాడు, అమ్మగారి కోసం ఇంకాస్త ఆగమంటారా, తలుపు దగ్గర నేను చెప్పి తీసుకొస్తాను అని. మిగతా నలుగురూ ఆగుదాం, తొందరేముంది అన్నారు.

నేనే ఒద్దన్నాను. "టైముకు రానోళ్ల కోసం బండి ఆగదు, వడ్డించండి" అన్నాను. బస్టాండు మైకులో మాట్లాడినట్టే మాట్లాడాను. సూప్ నుంచి చివరి ఐస్‌క్రీం దాకా ఒక్కటీ వదలకుండా తిన్నాను. పక్కన అక్క కుర్చీ ముందు మడత పెట్టిన గుడ్డ మడత పెట్టినట్టే ఉంది. ఆ తర్వాత గదికి కూడా పోలేదు. పడుకుని ఉంటుంది, పడుకోనీ, ఒక పూట మాడితే బుద్ధొస్తుంది అనుకుంటూ పాటలు పాడే హాల్లోకి పోయి కూర్చున్నాను.

ఎనిమిది దాటి కాసేపయిందేమో, ఎవరో భుజం తట్టారు. చూస్తే మా వెయిటర్. పరుగున వచ్చినట్టున్నాడు. "పద్నాలుగో బల్ల కార్డు ఒకామె చేతిలో ఉంది సార్. మెట్ల దగ్గర పడిపోయారు" అన్నాడు.

ఓడలోని ఆస్పత్రి గదికి ఎలా వెళ్లానో నాకు తెలియదు. మంచం మీద అక్క చెమటతో తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసింది కానీ గుర్తుపట్టలేదు. డాక్టరమ్మ గ్లూకోజ్ ఎక్కిస్తూ, గోలీ మింగి అన్నం తినలేదు, షుగర్ బాగా పడిపోయింది, ఇంకాసేపు ఎవరూ చూడకపోతే చెయ్యి దాటిపోయేది అంది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక పూట మాడితే బుద్ధొస్తుంది అనుకున్నది నేనే కదా.

కొంతసేపటికి అక్క కళ్లలోకి చూపు వచ్చింది. "తమ్మీ, నువ్వు తిన్నవా?" అంది. మొట్టమొదటి మాట అదే.

భయమంతా కోపమై బయటికొచ్చింది. నాకు తెలిసింది అదొక్కటే. "నా తిండి సంగతి ఇడిసిపెట్టు! ఆరింటికి రమ్మంటే ఎందుకు రాలే? చెవులు వినవడవా నీకు?"

"ఇనవడ్డది. గని మొదటి బంతిల నేనెట్ల కూసుంట తమ్మీ? మొగోళ్లు, పరాయోళ్లు తిని లేసినంక గద ఇంటి ఆడోళ్లం కూసునేది. రెండో బంతికి పోదామని ఏడున్నరకు గోలీ మింగిన. తలుపుకాడ గాయన కార్డు మీది ఆరు అంకె చూసి ఒద్దన్నడు. పైకి పోయి తినుమని చెయ్యి చూపెట్టిండు. గంతమందిల నాకు శరమనిపించింది. మెట్లకాడికి వచ్చినంక కండ్లకు చీకట్లొచ్చినయి."

"నాకన్న ఫోన్ చేస్తే ఏం పోయింది నీది?"

"నిన్నెందుకు తిప్పలవెట్టాలె అనుకున్న. మొదటి బంతిల జాగ ఉంటే మాత్రం, ఉన్నదని కూసుంటమా? నీ కొడుకు పెండ్లిల గూడ నేను ఆఖరి బంతికే గద నిలవడ్డది."

ఆ పెళ్లి సంగతి ఆమె ఎందుకెత్తిందో నాకు అర్థం కాలేదు. మావాడి పెళ్లి కరీంనగర్‌లో ఫంక్షన్ హాల్లో చేశాం. నాలుగింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి. బంతులన్నీ గడియారం పెట్టి నడిపించింది నేనే. మూడున్నరకు అంతా సాఫ్ చేయించానని తర్వాత ఎంతమందికి చెప్పుకున్నానో లెక్క లేదు.

"ఆరోజు నువ్వు తిన్నవ్ గద?" అన్నాను.

"యాడ తిన్న? మేము ఇంటోళ్లం వడ్డించి వడ్డించి చేతులు కడుక్కొని వచ్చేటాళ్లకు నువ్వు అన్నం గంజులు లేపిచ్చినవ్."

"అన్నం ఒడ్సిపోయిందా?"

"ఒడ్సిపోలే. నువ్వే లేపుమన్నవ్. టైమైందంటివి." అక్క నవ్వింది. "దానికేముంది, ఇంటికి పోయినంక ఇన్ని అటుకులు నానవెట్టుకొని తిన్న. గిప్పుడెందుకు తియ్, గదంత."

దెప్పిపొడిచి ఉంటే తట్టుకునేవాణ్నేమో. అక్క గొంతులో ఒక్క పిసరంత కోపం లేదు. నా ఒక్కగానొక్క కొడుకు పెళ్లిలో మా అక్క అన్నం తినలేదు. తినలేదని కూడా నాకు తెలియదు. టైం తప్పలేదని మీసం తిప్పుకుని తిరిగాను. ఆ గదిలో అక్కకు నా మొహం చూపించాలంటే సిగ్గనిపించింది. నర్సు కిచిడీ తెస్తే, "నువ్వు పో, పోయి పండుకో, నేను తింట" అని అక్కే నన్ను పంపించేసింది.

మర్నాడు ఎంత బతిమాలినా ఆ భోజనాల హాలుకు రానంది. పొద్దుటి ఫలహారం, మధ్యాహ్నం భోజనం పై అంతస్తులో ఎప్పుడు పోతే అప్పుడు. ముందు నా కంచం తెచ్చి నా ముందు పెట్టి, నేను తిని చెయ్యి కడిగాక తను ఒక్కతే పోయి తినొచ్చింది. సాయంత్రం మళ్లీ అడిగాను.

"ఒద్దు తమ్మీ. ఒకసారి ఒద్దన్న తలుపుకాడికి మళ్ల పోబుద్ధైతలేదు. ఆ చెంచాలు, ఆ గుడ్డలు నాకు తెల్వయి. నలుగుట్ల నన్ను నవ్వులపాలు చెయ్యకు. ఇన్ని రొట్టెలు గదికి తెచ్చిపెట్టు, సాలు."

రొట్టెలు, పప్పు గదికి తెచ్చిపెట్టాను. నేను మాత్రం పద్నాలుగో బల్లకు పోయాను. పోయింది తినడానికి కాదు, ముందు రోజు నేను అన్న మాటకు ఆ నలుగురికీ క్షమాపణ చెప్పుకోవడానికి. జరిగిందంతా వచ్చీరాని హిందీలో చెప్పాను. పెళ్లి సంగతి కూడా దాచలేదు. నాగపూర్ ఆమె, మీ అక్కకు ఏ భాష వచ్చు అని అడిగింది. ఆదిలాబాద్ మనిషి కదా, మరాఠీ బాగా వస్తుంది అన్నాను. ఆమె తలూపింది.

మూడో రోజు సాయంత్రం ఐదున్నరకు మా గది తలుపు తట్టిన చప్పుడు. తీస్తే నాగపూర్ ఆమె, వెనక సూరత్ ఆమె. నన్ను పక్కకు జరగమన్నట్టు చూసి నేరుగా అక్క దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. "చలా తాయీ, జేవాయ్‌లా" అంది. పద అక్కా, భోజనానికి అని. అక్క మరాఠీలో ఏవేవో సాకులు చెప్పింది. ఈమె వినలేదు. నీ కుర్చీ ఖాళీగా ఉంటే రెండు రోజుల నుంచి మాకు ముద్ద దిగడం లేదు, ఇవాళ ఆఖరి రోజు, మమ్మల్ని అలాగే పంపిస్తావా అంది. అంత మాటన్నాక అక్క ఏమంటుంది? లేచి నీలం అంచు చీర కట్టుకుంది. గోలీ నేనే గుర్తుచేసి మింగించాను.

తలుపు దగ్గర అక్క అడుగు ఆగింది. ఆ ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించారు. వెయిటర్ కుర్చీ వెనక్కి లాగి పట్టుకుంటే, కూర్చోవాలో వద్దో తెలియక నా వైపు చూసింది. "కూసో అక్కా" అన్నాను. చివరి అంచున, ఏ క్షణమైనా లేవాల్సి వస్తుందన్నట్టు కూర్చుంది.

సూప్ వద్దంది, రొట్టె వద్దంది. ఇంత అన్నం, పప్పు ఉంటే చాలంది. వెయిటర్ దానికోసం లోపలికి పోయాడు. ఈలోపు మా ఐదుగురి ముందూ కంచాలు వచ్చాయి. పొగలు కక్కుతున్నాయి. ఎవరూ ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఒక నిమిషం, రెండు, నాలుగు. గడియారం చూసుకోలేదు.

అక్క నా చెవి దగ్గరికి వంగింది. "ఏమైందిరా? ఎవ్వలు తింటలేరేంది? కూర మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నదక్కా. నీ కంచం రాలే."

"నాదానికేంది? తినుమను. సల్లారిపోతయి."

"తినరు. అందరి కంచాలు వచ్చేదాక ఒక్కలు గూడ ముట్టరు. నీకోసమే ఆగిండ్రు."

అక్క ఒక్కొక్కరి మొహమూ చూసింది. నాగపూర్ ఆమెను, ఆయనను, సూరత్ వాళ్లిద్దరినీ. చల్లారుతున్న కంచాలను చూసింది. "నాకోసమా?" అంది. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

అన్నం వచ్చింది. అయినా అక్క చెయ్యి పెట్టలేదు. "తినుండ్రి, తినుండ్రి" అని అందరికీ తనే చెప్పింది. వాళ్లు కదల్లేదు. నాగపూర్ ఆమె కంచం వైపు చూపించి, ముందు నువ్వు అన్నట్టు తలూపింది. అక్క చెంచా పక్కకు జరిపి, అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. అప్పుడు అందరూ చెంచాలు అందుకున్నారు.

నాకు తినాలనిపించలేదు. అక్క వైపే చూస్తూ కూర్చున్నాను. ముద్దను ఎడమ దవడకు మార్చుకుని మెల్లగా నములుతోంది. కుడివైపు పళ్లు లేవని నాకు ఆరోజే తెలిసింది. ఊహ తెలిసినప్పటి నుంచి మా అక్క చేతి అన్నం తిన్నాను. అక్క అన్నం తింటుంటే చూసింది అదే మొదటిసారి.