సంగటి గుంతలో నెయ్యి

రొద్దం చౌడక్క గుర్తొస్తే ఇప్పటికీ నా చేతిలో ముద్ద ఆగిపోతుంది.

యాభై మూడు కరువులో పెనుకొండ నుంచి జోలె తగిలించుకుని కాలినడకన పోతూ ఆమె ఇంటి ముందు ఆగాను. ఆ రోజు ఆమె కొడుకు వెంకటప్ప దినాలు. కూలికని బళ్లారి దిక్కు పోయినవాడు కలరాలో పోయాడని, చాప చుట్టిన శవాన్ని చూసిన తోడువాళ్లు వచ్చి చెప్పారట. దినాల పూట దారిన పోయేవాడికైనా ఆకు వెయ్యాల్సిందే; నాకూ వేశారు. భూములున్న ఇల్లే గానీ, ఆ ఏడు పెట్టగలిగింది రాగిసంగటి, చింతపండు పులుసు. చౌడక్క ఏడవలేదు. కొసరి కొసరి వడ్డించింది.

పంక్తి చివర గడ్డం పెరిగినవాడెవడో వచ్చి కూలబడ్డాడు. ముద్ద వేసింది. వాడు బొటనవేలితో దాని నడుమ గుంత చేసి, పులుసు పోయించుకుని, గబగబా నాలుగు కబళాలు మింగాకే తలెత్తాడు.

"మా, ఎవురు పోయినారు?"

చౌడక్క గరిటె కింద పెట్టి, వాడి గడ్డం పైకెత్తి చూసింది.

"నువ్వేరా, నాయనా."

పంక్తి మొత్తం ఒక్కసారిగా లేచింది. ఊరి పెద్ద ఓబన్న ఎంగిలి చేత్తోనే వెనక్కి జరిగి, "తన దినాల కూడు తానే తినిన్యాడు! ఇంక వీనితో పంక్తి యాడుండాదప్పా?" అన్నాడు.

నాకు ఊరుకోవడం రాదు. బతికుండగానే దినాలు జరిగినవాణ్ణి నేతికుండలో ముంచి తీసి, కొత్తగా పుట్టినట్టు పేరు పెట్టాలని పాత ధర్మగ్రంథాల్లో చదివానని వాగాను. ముంచేది కుండలోనా, గంగాళంలోనా అని ఇంకా ఏదో అనబోతుంటే ఓబన్న కసిరాడు.

"బో చెప్పొచ్చినావులే సామీ! తాగేకి నీళ్లు లేవు, కుండ నెయ్యి నీ జోలెలో ఉండాదా?"

చౌడక్క లోపలికి పోయింది. దేవుని దీపానికని దాచుకున్న నేతిగిన్నె తెచ్చి, కొడుకు ముద్ద గుంతలో వంచింది. పక్కనే కూర్చుని అదే ఆకులో చెయ్యి పెట్టి తిన్నది.

"నేతిలో మునిగినాడు. లేసినాడు. పేరు వెంకటప్పే. ఏమబ్బా ఓబన్నా, సచ్చిన్యాడని తింటివి గదా ఇంతసేపు? బతికొచ్చిన్యాడంటే గొంతు దిగలేదా?"

వెంకటప్ప ముద్ద మింగలేక, ఉమ్మలేక, నోట్లోనే పెట్టుకుని తల్లిని చూస్తున్నాడు.

ఓబన్న తన ఆకు ఈడ్చుకొచ్చి, వెంకటప్ప మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

"గిన్నెలో ఇంగా ఉంటే నాకూ ఇంత ఎయ్యక్కా."