ఖమర్ ప్రయోగానికి మార్కులు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. లాలాగూడలో మా ఇంటి వెనక శ్మశానం గోడ ఉండేది. దాని మీదే పిడకలు కొట్టేదాన్ని, పొద్దు గూకాక పోయి ఏరుకొచ్చేదాన్ని.

మా అక్క ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పేది. పుస్తకంలో ఉన్న ప్రయోగాలు చేయించేది కాదు. ఎవరి ప్రయోగం వాళ్లే ఆలోచించి కాగితం మీద రాయాలి. వాటిని ఇంటికి తెచ్చి నాకు చదివి వినిపించేది. విన్నది విన్నట్టు నేను చేయగలిగితే పాస్, మధ్యలో ఆగిపోతే ఫెయిల్. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని.

"అందుకే పనికొస్తవ్ చెల్లె. చదివినోళ్లు రాయంది సుత ఊహించుకుని చేస్తరు."

"అంటే నాకు తెలివి లేదనేగా?"

"లేదన్లే. జెర దాచిపెట్టినవ్."

పోలీస్ యాక్షన్ అయిన కొన్ని వారాలకు బడి తెరిచారు. ఖమర్ అనే పిల్ల రాలేదు. రెజిమెంటల్ బజార్‌లో వాళ్ల నాన్న దుకాణానికి తాళం పడింది. ఎటు పోయారో చెప్పేవాళ్లు లేరు. గొడవలకు ముందు ఆ పిల్ల ఇచ్చిన కాగితం మాత్రం అక్క దగ్గర ఉంది.

రానివాళ్ల పేర్లు కొట్టేయమని హెడ్‌మిస్ట్రెస్ చెప్పారట. అక్క ఒప్పుకోలేదు.

"ఏ ఊర్ల ఉన్నదో ఏమో. పాసైన కాగితం లేకుంటే ఇంకో బడి తీసుకుంటదా? చూడకుండ మాత్రం కొట్టెయ్య."

ఆదివారం మధ్యాహ్నం ఆ కాగితం చదివి వినిపించింది. గజం దారానికి రాయి కట్టి కిటికీ కమ్మీకి వేలాడదీయాలి. ఊపి వదిలి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు పోయి వస్తుందో లెక్కపెట్టాలి. మా నాన్న జేబు గడియారం నా చేతికిచ్చి, తను ఉంటే సాయం చేసినట్టవుతుందని పెరట్లోకి బట్టలుతకడానికి పోయింది.

రాయి వదిలాక తెలిసింది. సెకన్ల ముల్లు చూస్తే రాయి కనబడదు, రాయి చూస్తే ముల్లు తప్పుతుంది. దీనికి ఇద్దరు కావాలి. ఆ మాట పిల్ల రాయలేదు. నేను ఆగితే ఆమె ఫెయిల్. ఏం చేయాలో తోచక ముల్లు మీదే కళ్లు పెట్టి నిలబడ్డాను.

నా ఎడమ భుజం వెనక నుంచి మెల్లగా లెక్క వినబడింది. ఏక్, దో, తీన్. ఆడపిల్ల గొంతు. మనసాగక అక్కే వచ్చిందనుకున్నాను. నిమిషం నిండేసరికి ఇకత్తీస్ అని ఆగింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అంతసేపూ పెరట్లో బండ మీద బట్టల చప్పుడు ఆగనే లేదు.

అక్కను పిలిచి ముప్పై ఒకటి అన్నాను.

"ఒక్కదానివి ఎట్ల లెక్కవెట్టినవ్?"

చెప్పాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. నన్ను గడియారం చూడమని తానే లెక్కపెట్టింది. మూడుసార్లూ ముప్పై ఒకటే వచ్చింది.

తడి చేతులు తుడుచుకుని ఆ కాగితం ఇంకోసారి చదివింది. రుజువు లేనిదే అర మార్కు వేసే మనిషి కాదు.

"ఇద్దరు కావాలని రాయలే, నిజమే. కని నువ్వు ఆగలే గద," అని ఖమర్‌ను పాస్ చేసి, ఆమె పేరున సర్టిఫికెట్ రాయించింది.

ఆ సర్టిఫికెట్ కోసం ఎవరూ రాలేదు. అక్క పోయాక అది నా పెట్టెలోకి వచ్చింది. నేను ఖమర్‌ను ఎన్నడూ చూడలేదు, ఆమె గొంతు ఎట్లా ఉంటుందో కూడా ఎరగను. అందుకే అది ఆమెదేనని చెప్పలేను. మరెవరిదో కూడా చెప్పలేను.