అరచేతిలో నూనె

చంద్రపూర్ బజారులో మాది పల్లీ నూనె కొట్టు. కొత్త డబ్బా విప్పినప్పుడల్లా మా బాపు నన్ను పిలిచి, గిరాకీల ముందే నా అరచేతిలో చెంచాడు నూనె పోసేవాడు. నేను తాగాలి. "నా కొడుకే తాగుతుండు, ఇంకేం నమ్మకం గావాలె?" అనేవాడు. సరుకు అమ్ముడుపోయేది. నేను మాత్రం ఆ పూటంతా దొడ్లోకి పరుగెత్తేవాణ్ణి.

పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ తంతు ఆగలేదు. నూనె కొట్టువాడి ఇంట పుట్టి నూనె పడదంటే ఊరు నవ్వదా? పెళ్ళిళ్ళలో పూరీలు కనిపిస్తే ముందు మరుగుదొడ్డి ఎటుందో వెతుక్కునేవాణ్ణి. ఒళ్ళు చూస్తే ఎండిన తుమ్మకొమ్మ. ఘుగ్గుస్ నుంచి వచ్చే మేనత్త నలుగురిలో అడిగేది, "ఇంటినిండ నూనె బెట్టుకొని గిట్లున్నవేందిరా?" అని. నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల తల కొట్టేసినట్టుండేది.

మొన్న చలికాలంలో కడుపునొప్పి ఎక్కువైతే డాక్టరు రక్తపరీక్ష రాశాడు. కొలెస్ట్రాల్ ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదట. "అందరూ తగ్గించుకోవాలని చూస్తారు కదా" అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. కొందరికి పుట్టుకతోనే కొవ్వు ఒంటికి పట్టదని, అది కన్నవాళ్ళ నుంచి వస్తుందని చెప్పి, అమ్మానాన్నలకూ పరీక్ష చేయించమన్నాడు. అమ్మది సరిగ్గానే ఉంది. బాపుది నాలాగే.

అప్పుడు తట్టింది నాకు, బాపు నూనె రుచి చూడగా ఎన్నడూ చూడలేదని. మధ్యాహ్నం కొట్టు వెనక జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ తినేవాడు. కూర తినే తీరిక లేదనేవాడు.

"నీకు గూడ పడదా బాపు?" అని అడిగాను.

చాలాసేపు తక్కెడ తుడిచాడు. "పడదు. ఇంటోళ్ళు తాగకుంటే ఎవలు కొంటరు? గందుకే నిన్ను పిలిచేటోన్ని. నీకు పడతలేదని నాకెర్కే."

కోపం రావాల్సింది. సిగ్గేసింది, ఆయన చేత ఆ మాట అనిపించినందుకు.

అంతలో విసాపూర్ నుంచి ఒకావిడ వచ్చి, కొత్త నూనె ఎట్లుందని అడిగింది. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు వెళ్ళింది. బాపు దాన్ని పక్కకు జరిపి, చెంచాడు నూనె తన అరచేతిలో వంచుకుని తాగాడు.

"మంచిగుంది, తీస్కోండ్రి."

ఆవిడ నూనె పోయించుకుని వెళ్ళింది. కాసేపటికి బాపు గోడ పట్టుకుని దొడ్లోకి నడిచాడు. నేను గల్లా దగ్గర కూర్చున్నాను, అటు చూడకుండా.