శాంతయ్య అట్ట తిరిగే గల్లీ

జపాన్‌లో పదకొండేండ్లు తందూరి రొట్టెలు కాల్చి వచ్చిన శాంతయ్య లుంగీ కథ చెబితే, గద్వాల దగ్గరి గట్టు అనే ఊళ్లో బడి వెనక గల్లీ కడుపుబ్బ నవ్వేది. అక్కడ సైరన్ మోగిందట. భూకంపమనుకుని ఈయన లుంగీ మీదే రోడ్డెక్కాడట. చూస్తే వీధంతా నెత్తిన టోపీలతో, చంకన సంచులతో వరుసగా నిలబడి ఉంది. అది ఉత్త ప్రాక్టీసు. తెలియనిది ఈయనొక్కడికే. ఎందుకు తెలియలేదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ మనిషి జపాన్ నుంచి తెచ్చుకున్న పిచ్చి ఒక్కటే: అట్ట. పిల్లల పరీక్ష అట్టకు కాగితం పెట్టి, నల్లా నీళ్లు ఎప్పుడొచ్చేదీ, రేషన్ బియ్యం ఎప్పుడిచ్చేదీ రాసి మొదటింట్లో ఇస్తాడు. చదివినవాళ్లు సంతకం పెట్టి పక్కింటివాళ్ల చేతికే ఇవ్వాలి. గోడ మీద పెట్టొద్దు. మొత్తం పదిహేడిండ్లు. ఒక్క ఇల్లు తప్పినా మళ్లీ మొదటి నుంచే.

"వాట్సాప్‌ల పెట్టరాదా తమ్మీ?" అంది పదకొండో ఇంటి రేణుకమ్మ.

"వాట్సాప్ తలుపు కొడ్తదా అక్కా?"

మొదటింటి చెన్నయ్య బిడ్డ పెండ్లిలో తలంబ్రాల పళ్లెం పక్కకు జరిపించి మరీ చెన్నయ్యతో సంతకం పెట్టించారు. లేకుంటే మళ్లీ మొదటి నుంచే కదా.

రేణుకమ్మ పక్కిల్లు సబితది. ఒడిశా నుంచి పత్తి విత్తనాల పనికొచ్చి తొమ్మిదేండ్లుగా ఆ గల్లీలోనే ఉంది. అయినా గల్లీకి ఆమె 'ఒరిస్సామె'. నల్లా వేళ మారితే ఆమెకు తెలిసేది నీళ్లు ఆగిపోయాకే. ఆ రోజు బిందెలెత్తుకుని పొలాల్లో బోరు దాకా నడక.

రేణుకమ్మ ఆ ఇల్లు దాటించి అట్టను పదమూడో ఇంట్లో ఇచ్చింది. పన్నెండో సంతకం లేదని సాయంత్రానికి అట్ట మళ్లీ మొదటింట్లో ఉంది. మూడుసార్లు అంతే.

"ఎన్ని సంతకాలు వదినా?" అన్నాడు చెన్నయ్య రేణుకమ్మతో. "భూమి రిజిస్ట్రేషన్‌కు గూడ గిన్ని పెట్టలే."

రేణుకమ్మ మండిపడుతూ శాంతయ్య ఇంటికి పోయింది.

"ఆమె ఇయ్యాల ఉంటది, రేపు పోతది. ఆమెకెందుకు అట్ట?"

"తొమ్మిదేండ్లాయె అక్కా."

"జపానోళ్లు గిట్లనే తిప్పుతరా?"

"ఇల్లిల్లు తిప్పుతరు."

"మరి ఆడ నీ తర్వాత ఇల్లెవరిది?"

"తెల్వదు. అట్ట నాదాంక రాలే. ఆ సైరన్ కబురు గూడ అట్ట మీదనే తిరిగిందంట. వీనికి చదవరాదు, ఎట్లయినా పోయేటోడే అనుకున్నరు. మంచోళ్లే అక్కా, రోజూ వంగి దండం పెట్టేటోళ్లు." శాంతయ్య నవ్వాడు. "నాకు చదవొస్తుండె."

ఆ లుంగీ కథలో నవ్వెక్కడుందో రేణుకమ్మకు ఆ పూట దొరకలేదు.

అట్ట తీసుకుపోయి తానే సబిత ఇంటి తలుపు కొట్టింది. "రేపటి సంది నల్లా పొద్దుగాల ఐదింటికట."

"జర లోపలికి రా అక్కా. నిలబడే పోతవా ఏంది?"

"నీకు మన మాటలు గింత మంచిగొస్తయా?"

"గోడవతల నువ్వు మీ ఆయనను తిట్టే తిట్లతోనే నేర్చుకున్న."

మధ్యాహ్నమైనా అట్ట పదమూడో ఇల్లు చేరలేదు. వెతుక్కుంటూ వచ్చిన శాంతయ్యకు సబిత వాకిట్లో ఇద్దరాడవాళ్ల నడుమ అట్ట కనిపించింది, మీద చిక్కుడుకాయల కుప్పతో. ఆయన జీవితంలో మొదటిసారి "తొందరేం లేదక్కా" అని వెనక్కి తిరిగాడు.

మర్నాడు ఐదింటికి నల్లా దగ్గర మొదటి బిందె సబితది. తనది రెండోదైందని రేణుకమ్మ అరగంట తిట్టింది, సబితా సబితా అని పేరు పెట్టి మరీ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఏదైనా సరే, పనికొచ్చి ఏండ్లుగా ఉండిపోయినవాళ్ల ఇల్లు లేని గల్లీ లేదు. మీ గల్లీలో అందరూ దాటేసిపోయే తలుపు ఏదో చూడండి. ఇవాళే పోయి కొట్టండి. ఎప్పుడు పోతారని అడక్కండి, నల్లా ఎప్పుడొస్తుందో చెప్పండి.