భయాల వదిన, కింది బోల్టులు

ఆ షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఆడపడుచు వదినా అంటుంది కాబట్టి ఆడపడుచు స్నేహితులూ వదినా అన్నారు, వాళ్ళను చూసి బురదలో మోటారుబండ్లు తోలే జనమంతా అదే పట్టుకున్నారు. వదినలు వీధికి పదిమంది ఉంటారు గనుక ఈమెకు ముందో మాట తగిలించారు. భయాల వదిన. అందులో అబద్ధమేమీ లేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. గ్యాసు కట్టేసి గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కొచ్చి చూస్తుంది. ఎక్కడో ఉరిమితే ఇక్కడ టీవీ ప్లగ్గు పీకేస్తుంది. ఇలాంటి మనిషి చేసే పని ఏమిటయ్యా అంటే, రాళ్ళలో గుట్టల్లో ఎగిరి దూకే బండ్లకు కుదుపులు ఓర్చే ముందు ఫోర్కులూ వెనక షాకూ విప్పి బాగుచేయడం. దేవుడికి వేరే పనేమీ ఉన్నట్టు లేదు.

షెడ్డు మామగారిది. కింద షెడ్డు, పైన ఇల్లు. కాపురానికొచ్చిన కొత్తలో టీ గ్లాసులు పట్టుకుని దిగేది. ఆయన ఏదో ముక్క చేతికిచ్చి కాస్త పట్టుకోమ్మా అనేవారు. పట్టుకుంటే ఊరుకుంటుందా? "ఇది ఊడితే ఏమవుతుంది మామయ్యా?" అని అడిగేది. ఇంకో ముక్క ఇస్తే దానికీ అదే ప్రశ్న. ముందు ఆయన విసుక్కున్నారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత కొడుకును పిలిచి "ఒరేయ్, ఇంజన్లు నువ్వు చూసుకో, ఇవి మాత్రం కోడలికి వదిలెయ్" అన్నారు. కొడుకు ముఖం మాడ్చుకుంటే ఆయన చెప్పిన మాట ఇదీ: "ఇంజను పాడైతే బండి ఆగుతుందిరా. ఇది పాడైతే బండి ఆగదు. ఈ పనికి నీలాంటి ధైర్యస్థుడు పనికిరాడు."

పని అంతా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఫోర్కు గొట్టం చుట్టూ ఉండే రబ్బరు సీలు కింద ఇసుక ఇరుక్కుని నూనె కారుతుంటే, సీలు మార్చేముందు పాత ఫొటో నెగటివ్ ముక్క దూర్చి చుట్టూ తిప్పి ఇసుకను లాగేయాలని ఆయనే చూపించారు. ఇంట్లో నెగటివులన్నీ ఆ విధంగా అయిపోయాయి. "నా పెళ్ళి ఫొటోలు ఎవరి ఫోర్కుల్లో పడి ఏడుస్తున్నాయో" అని అత్తగారు ఇప్పటికీ సణుగుతుంది. తోలే మనిషిని బూట్లూ హెల్మెట్టుతో సహా బండి మీద కూర్చోబెట్టి, వెనక భాగం ఎంత దిగిందో టేపు పెట్టి కొలిచి, దానికి తగ్గట్టు స్ప్రింగు బిగించడమూ ఆయన నేర్పిందే.

అన్నిటికన్నా గట్టిగా నేర్పింది బోల్టుల సంగతి. విప్పేముందు బోల్టు తల మీది పాత తెల్ల గీతను పెట్రోలు గుడ్డతో తుడిచెయ్యాలి. బిగించేటప్పుడు రెంచికి ఆ బోల్టుకు తగిన అంకె పెట్టుకోవాలి, అంతవరకు బిగిశాక రెంచి టక్ అంటుంది. టక్ అనగానే "అయింది" అని పైకి అనాలి. అన్నాక కొత్త గీత గియ్యాలి. గీత లేని బోల్టును నమ్మకూడదు. ఈ పని నడుస్తున్నంతసేపూ ఎవరు పిలిచినా పలకకూడదు. పైన పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని మొగుడు గొంతు చించుకున్నా ఆమె పలకలేదు. పాలు పోయాయి, గిన్నె మాడింది, బోల్టు మాత్రం బిగిసింది.

మామగారు పోయాక షెడ్డు ఆమె చేతి మీదే నడిచింది. అప్పటిదాకా భయం భయంగానే ఉంది, పని పనిగానే ఉంది. రెండూ కలిసిపోయింది ఆడపడుచు పందాల్లోకి దిగినప్పుడు.

ఆ పిల్ల ఇంట్లో అందరికన్నా చిన్నది. వదిన కాపురానికొచ్చేనాటికి బడికెళ్ళే వయసు, రెండు జడలు. ఆ జడలు వేసింది వదినే, పేలు తీసింది వదినే. ఒక్కచోట కుదురుగా నిలవదని అందరూ తూనీగ అనేవారు. పెద్దదైనా అదే పేరు, అదే తీరు. బండి ఎక్కాక ఇక చెప్పనే అక్కర్లేదు. అత్తగారు తిట్టింది, అలిగింది, అన్నం మానేసింది, చివరికి తానే దిగొచ్చి కోడలిని వంటింట్లోకి పిలిచింది.

"దాన్ని ఆపడం నా వల్ల కాదు. ఆ బండిని మాత్రం నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నా పిల్ల నీ చేతుల్లో ఉందే అమ్మా."

చేతుల్లో పెట్టడం తేలికే. మోసేవాళ్ళకు కదా తెలిసేది! ఆ రోజునుంచి వదినకు కంటినిండా నిద్ర లేదు.

ఇక ఒక పందెం రోజు సంగతి చెప్పాలి. గుట్ట కింద చెట్ల మధ్య గుడారాలు, ఎక్కడ చూసినా బండ్లు, దుమ్ము. తూనీగ బండి ముందురోజే సిద్ధమైంది. "బ్రహ్మాండంగా ఉంది వదినా, ఇంక వేలు పెట్టకు" అని చెప్పి ఆ పిల్ల చెప్పులేసుకుని తిరగడానికి పోయింది. వదిన కూడా మొగుడి వెంట పందెం దారి చూద్దామని నడిచింది. అదే పొరపాటు. గుట్ట అవతల పాత రాళ్ళ క్వారీ ఉంది. దారి దాని అంచు మీదనుంచి కిందికి పడుతుంది. దిగుతుంది అనడానికి వీల్లేదు, పడుతుంది అనాల్సిందే. పైనుంచి కింది దాకా అన్నీ వదులు రాళ్ళు. చూడగానే వదిన మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఏమండీ, ఇక్కడినుంచా దిగేది?"

"ఆఁ. అందరూ ఇక్కడినుంచే."

"అందరి సంగతి నాకెందుకండీ!"

గుడారానికి తిరిగొచ్చింది. బండి స్టాండు మీద ఉంది, తూనీగ ఇంకా రాలేదు. ముందు ఫోర్కుల గొట్టాలు రెంటినీ పట్టుకునే క్లాంపులు పైనొకటి, కిందొకటి ఉంటాయి. ఆ బోల్టులు వదులు చేసి గొట్టాలను కాస్త కిందికి జార్చితే బండి ముందుభాగం కొంచెం లేస్తుంది. మలుపుల్లో మొద్దుబారినా దిగుడులో నిలకడగా పోతుంది. తోలే మనిషికి చెప్పకుండా ఇలాంటి మార్పు చేయకూడదని ఆమెకు తెలుసు, పదిమందికి చెప్పింది కూడా. అయినా భయం ముందు బుద్ధి ఎక్కడ నిలుస్తుంది? గీతలన్నీ తుడిచింది. అన్నీ వదులు చేసింది. గొట్టాలు జార్చింది. పైవి బిగించింది. టక్, అయింది, గీత. టక్, అయింది, గీత. కింది వాటికి రెంచి మీద వేరే అంకె పెట్టాలి. పెట్టబోతుండగా ఫోను మోగింది. అత్తగారు.

పని మధ్యలో ఏ రోజూ ఎత్తని మనిషి ఆ రోజు ఎత్తింది. వణికే మనిషికి తోడు కావాలనిపించింది, అంతే.

"అది ఏమైనా తిందా?" అంది అత్తగారు.

"తింది అత్తయ్యా."

"బండి చూశావా? అన్నీ బిగించావా?"

"ఆఁ, అన్నీ బిగించాను. మీరేం కంగారుపడకండి."

నోరు అలవాటుకొద్దీ అనేసింది. బిగించాను అని తన చెవులతో తానే విన్నది గనుక మనసు కూడా నమ్మేసింది. అత్తగారు మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళింది. మాట సరిగా వినబడటం లేదని వదిన చెట్టు దగ్గరికి నడిచింది. వెనక్కి వచ్చేసరికి స్టాండు ఖాళీ. తూనీగ బండి తీసుకుని బయల్దేరే వరుసలోకి వెళ్ళిపోయింది.

బండ్లు బయల్దేరాయి. దుమ్ము లేచింది. వదిన సామాను సర్దుకుంటూ రెంచిని పెట్టెలో పెట్టబోయి దాని మీది అంకె చూసింది. పై క్లాంపు అంకె. కింది వాటికి మార్చనే లేదు.

మార్చకపోతే బిగించలేదనే కదా. బిగించకపోతే... క్వారీ కళ్ళముందు నిలబడింది.

"ఏమండీ! స్కూటరు తియ్యండి!"

"ఏమైంది?"

"కింది బోల్టులు. బిగించలేదు నేను. క్వారీకి పోనివ్వండి."

ఆయన స్కూటరు తీశాడు. వేగం ఇరవై దాటితే నడుం గిల్లే మనిషి ఆ రోజు ఆయన వీపు మీద గుద్దుతూ "ఇంకా పోనివ్వండి, ఇంకా" అని ఏడ్చింది. గుంటల్లో ఎగిరి పడుతున్నా ఆమెకు తెలియలేదు. రెంచి మాత్రం ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

క్వారీ అడుగున జెండా పట్టుకుని ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. అందరికీ జెండా మాస్టారే. చుట్టూ చూడవచ్చిన వాళ్ళు, తోటి షెడ్లవాళ్ళు, వదిన దగ్గరే బండ్లు చేయించుకునేవాళ్ళు.

"మాస్టారూ, తూనీగను ఆపండి. పైనే ఆపండి."

"ఊరికే ఎలా ఆపుతానమ్మా? అనుమానం నీకు రోజూ ఉండేదేగా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈ మాట అన్నాక తన చేతికి ఎవరూ బండి ఇవ్వరని వదినకు తెలుసు. అయినా అంది.

"అనుమానం కాదు. నేను బోల్టులు బిగించడం మర్చిపోయాను. నేనే. పిల్ల పడిపోతుంది మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను."

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు వాకీటాకీ అందుకుని పైన అంచు దగ్గరున్న మనిషిని పిలిచాడు. గరగర శబ్దం వచ్చింది. తర్వాత మాట వచ్చింది: "ఇప్పుడే దాటింది మాస్టారూ. దిగుతోంది."

అంచు మీద బండి కనబడింది. మొగుడు ఆమె కళ్ళు మూయబోయాడు, చెయ్యి విదిలించేసింది. చూడకపోతే ఎలా? ముందు చక్రం రాయి మీద పడినప్పుడల్లా తన వెన్నులో పొడిచినట్టుంది. ఇప్పుడు మెలితిరుగుతుంది, ఇప్పుడు తలకిందులవుతుంది అనుకుంటూనే ఉంది. మామయ్యా, మామయ్యా అని గొణుగుతోంది. రాళ్ళు దొర్లుతున్నాయి. బండి ఊగింది, తేరుకుంది, మళ్ళీ ఊగింది. కిందికి వచ్చేసింది. నిలువునా వచ్చేసింది.

రెంచి పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డ వదినను చూసి తూనీగ బ్రేకు వేసింది. కళ్ళద్దాలు పైకి నెట్టింది.

"ఏంటి వదినా, దారికడ్డంగా?"

"కింది బోల్టులే! కిందివి..."

"పక్కవాళ్ళ రెంచి అడిగి బిగించా. వరుసలోనే చూశా. గీతలు లేవుగా." హ్యాండిలు అటూ ఇటూ తిప్పి మళ్ళీ అంది. "ముందు ఎత్తు పెంచావు కదూ? మలుపుల్లో గేదెలా తిరుగుతోంది. ఇంటికి రా, చెప్తా నీ పని."

అద్దాలు దించుకుని వెళ్ళిపోయింది. వదిన అక్కడే రాళ్ళ మీద కూలబడి భోరున ఏడ్చింది. మాస్టారు జెండా చంకలో పెట్టుకుని నీళ్ళసీసా తెచ్చిచ్చాడు.

ఆ పందెంలో తూనీగ చివరివాళ్ళలో ఒకతి. ఇంటికొచ్చాక చెప్పాల్సిందంతా చెప్పింది. చెప్పకుండా బండి మార్చినందుకు, పని మధ్యలో ఫోనెత్తినందుకు, అన్నిటికీ. వదిన తల ఎత్తలేదు. అత్తగారి దగ్గర కూర్చుని "బిగించానని మీకు అబద్ధం చెప్పాను అత్తయ్యా, ఇంక నేను ఆ బండి ముట్టను" అంది. "అడిగే వేళ చూసుకోకుండా అడిగింది నేను" అని మాత్రం అంది అత్తగారు.

ముట్టనంటే ముట్టలేదు. షెడ్డు దిగడమే మానేసింది. చేతులు వణుకుతున్నాయంది. భోజనాల దగ్గర కంచం ఎత్తినా వణుకుతూనే ఉన్నాయి. ఎవరి బండ్లూ రావనుకుంది గాని వచ్చాయి, తిరిగిపోయాయి, మళ్ళీ వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం తూనీగ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆ పిల్ల బండే స్టాండు మీద ఉంది. గొట్టాలు పాత ఎత్తుకు తెచ్చి ఉన్నాయి, పై బోల్టులను వాళ్ళన్న బిగించేశాడు. కిందివి వదులుగా ఉన్నాయి.

"ఇవి నీవి" అంది తూనీగ.

"నా వల్ల కాదే తల్లీ. నా చెయ్యి చూడు."

"చూస్తున్నాలే. రెంచి పట్టుకో. గీత నేను గీస్తా."

వదిన రెంచి తీసుకుంది. కింది అంకె పెట్టింది. పెట్టిందా లేదా అని మళ్ళీ చూసింది. మూడోసారీ చూసింది. పైన ఫోను మోగింది, ఇద్దరూ కదల్లేదు. బోల్టు మీద పెట్టి తిప్పింది. టక్ అంది.

మాట రాలేదు.

"అను వదినా."

"ఏమోనే, నాకు భయంగా ఉంది."

"అయితే భయంగానే అను."

"అయింది" అంది వదిన.

తూనీగ తెల్లరంగు కుంచె తీసుకుని వంగి గీత గీసింది. వంకరగా వచ్చింది. తుడిచి మళ్ళీ గీస్తే మళ్ళీ వంకరే. ఏమిటా అని చూస్తే కుంచె పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. క్వారీ దిగిన చెయ్యి అది. వదిన రెంచి కింద పెట్టి, చిన్నప్పుడు పలక మీద దిద్దించినట్టు ఆ చేతి మీద చెయ్యేసి పట్టుకుంది. వణికే చేతులు రెండూ కలిసి గీత గీశాయి.