రాణి ఒంటికి రాసిన కిరసనాయిలు

నాకప్పుడు పదేళ్లు. నాన్నగారి ఉద్యోగం వల్ల రాయపూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నా పిల్లి రాణికి ఒళ్లంతా పేలు పట్టాయి.

"చంటోడికి అంటుకుంటాయి. రేపు దాన్ని ఎక్కడైనా వదిలేయాల" అంది అమ్మ, తమ్ముణ్ణి ఎత్తుకుంటూ.

నా ఏడుపు చూసి, మేం చాచీ అని పిలిచే పక్కింటావిడ జాలిపడింది. "మిట్టీ కా తేల్ లగా దే బేటీ, సబ్ మర్ జాయేంగే" అని, కిరసనాయిలు రాస్తే పేలన్నీ చస్తాయని ధైర్యం చెప్పింది. సీసాలో ఉన్న కిరసనాయిలంతా రాణికి పట్టించాను. అది మధ్యాహ్నమంతా ఒళ్లు నాక్కుంటుంటే, శుభ్రం చేసుకుంటోందని మురిసిపోయాను.

సాయంత్రానికి చొంగ కారుస్తూ పడిపోయింది. నాన్నగారు, నేను పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఒంటికేం రాసినా పిల్లి నాకి మింగేస్తుంది" అన్నాడు డాక్టరు. రాణి నా ఒళ్లోనే పోయింది.

మర్నాడు చాచీ ఆత్రంగా, "రాణీ కైసీ హై?" అని అడిగింది.

ఆవిడ బాధపడుతుందని, "బీమార్ థీ, చలీ గయీ" అని, జబ్బు చేసి పోయిందన్నట్టు చెప్పారు నాన్నగారు. నేనూ తలూపాను.

నెల తిరక్కుండానే వెనక వరస క్వార్టర్స్‌లో ఒక పాప పెంచుకుంటున్న పిల్లికూన ఒళ్లంతా కిరసనాయిలు వాసన కొడుతూ చచ్చిపోయింది. ఆ పాపకీ చాచీయే ఆ చిట్కా చెప్పిందట. ఆ పాప ఏడుపు మా వాకిట్లోకి వినిపించింది. రాణి నేను తెలియక చేసిన పనికి పోయింది. ఆ కూన మాత్రం మాకు తెలిసీ చెప్పనందుకు పోయిందని ఇప్పటికీ నా బాధ.